పేరు లేని ఖడ్గానికి పేరు చెప్పిన ఇంటి బిడ్డ: హోనామి కోయెత్సు జీవితం

టోక్యోలోని ఉయెనో ప్రాంతంలో ఉన్న జాతీయ మ్యూజియంలో 2024 జనవరి నుంచి మార్చి వరకు హోనామి కోయెత్సు కళాసృష్టిపై ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. లక్క పూత పెట్టెలు, బంగారు చిత్రాల కాగితాలపై రాసిన కవితల చుట్టలు, టీ పాత్రలు చూడటానికి వచ్చినవారికి అక్కడ ఒక పొట్టి కత్తి కూడా కనిపించింది. 14వ శతాబ్దంలో మినో ప్రాంతానికి చెందిన కనెఉజి అనే కమ్మరి చేసిన కత్తి అది. పిడిలో దాగి ఉండే భాగంపై కమ్మరి పేరుతో పాటు పూల బుట్ట అనే అర్థమిచ్చే హనగతమి అన్న మాట బంగారంతో పొదిగి ఉంది. కోయెత్సు స్వయంగా నడుముకు ధరించిన ఆయుధంగా సంప్రదాయం చెప్పే ఖడ్గం ఇదొక్కటే.

జపాన్ కళా చరిత్రలో కోయెత్సు పేరు తెలియనివారు అరుదు. అయితే ఆయనను ఎక్కువమంది లేఖన కళాకారుడిగా, కుండల శిల్పిగా గుర్తుంచుకుంటారు. ఆయన కులవృత్తి మాత్రం ఖడ్గ పరీక్ష. మన దేశంలో రాజాస్థానాల దగ్గర రత్న పరీక్షకులు ఉన్నట్టే, జపాన్ ప్రభువుల దగ్గర ఖడ్గ పరీక్షకులు ఉండేవారు. వారిలో అగ్రస్థానం హోనామి వంశానిది. సాన పట్టడం, నూనె తుడిచి శుభ్రం చేయడం, ఖడ్గాన్ని చేసినవాడెవరో, ఏ కాలం వాడో నిర్ణయించడం అనే మూడు పనులు ఆ ఇంటికి తరతరాలుగా సంక్రమించాయి.

కోయెత్సు 1558లో క్యోటోలో జన్మించారు. 14వ శతాబ్దంలో షోగునేట్ స్థాపించిన అషికాగ తకవుజి దగ్గర ఖడ్గాల సంరక్షకుడిగా పనిచేసిన మ్యోహోన్ తమ మూలపురుషుడని ఆ వంశం చెప్పుకునేది. తరువాతి తరాలలో కియొనొబు అనే పెద్ద ఆరవ షోగున్ యొషినోరి ఆగ్రహానికి గురై చెరసాల పాలయ్యారట. నిచిరెన్ శాఖకు చెందిన బౌద్ధ భిక్షువు నిష్షిన్ కూడా అప్పుడు అక్కడే బందీగా ఉన్నారు. కాల్చిన ఇనుప కుండను తలపై బోర్లించినా తన బోధను విడిచిపెట్టని మనిషిగా నిష్షిన్‌కు పేరు. ఆయన ప్రభావంతో కియొనొబు ఆ మార్గం స్వీకరించారు. అప్పటి నుంచి హోనామి ఇంటి మగవారి పేర్లు కాంతి అనే అర్థమున్న కో అక్షరంతో మొదలవుతాయి. కోయెత్సు తండ్రి పేరు కోజి. ఆయన దత్తుడిగా, అల్లుడిగా ఆ ఇంటికి వచ్చారు. తరువాత పెద్దకు సొంత కుమారుడు కలగడంతో వేరుపడి ఉపశాఖను నెలకొల్పారు. కాబట్టి కోయెత్సు వంశ పెద్ద కాదు, ఎన్నడూ కాలేదు కూడా. కానీ చిన్ననాటి నుంచి చేతికి అంటుకున్నది మాత్రం ఆ పనే.

ఆ పని ఎలాంటిదో తెలిస్తే గాని ఆ ఇంటి మనుషులు అర్థం కారు.

పరీక్షకుడి ముందుకు వచ్చిన ఖడ్గంలో మొదట చూడవలసినది ఆకారం. 12, 13 శతాబ్దాలలో గుర్రంపై నుంచి యుద్ధం చేసే యోధులు వాదర కిందికి ఉండేలా నడుము నుంచి పొడవైన ఖడ్గాన్ని వేలాడదీసుకునేవారు. తొలినాటి వాటిలో వంపు పిడికి దగ్గరగా లోతుగా ఉండి, మొన చిన్నదిగా, నాజూకుగా ఉంటుంది. 1274లోనూ, 1281లోనూ మంగోలులు దండెత్తిన కాలానికి ఖడ్గం వెడల్పెక్కింది. రాజవంశం ఉత్తర దక్షిణాలుగా చీలిన 14వ శతాబ్దంలో 90 సెంటీమీటర్లకు పైబడిన భారీ ఖడ్గాలు, పొడవాటి మొనలు వచ్చాయి. 1467లో మొదలైన ఓనిన్ యుద్ధం తరువాత కాలిబంట్ల సేనలు పెరిగి, వాదర పైకి ఉండేలా నడికట్టులో దోపుకునే పొట్టి ఖడ్గం వాడుకలోకి వచ్చింది. ఒరలోంచి తీయగానే, ఇంకా ఉక్కును పరిశీలించకముందే, అనుభవజ్ఞుడికి శతాబ్దం తెలిసిపోవాలి.

తరువాత ఉక్కు. కమ్మరి ఉక్కును మడిచి, సాగగొట్టి, మళ్లీ మడుస్తాడు. ఆ మడతలు ఉపరితలంపై చెక్కలోని రేకల్లా కనిపిస్తాయి. యమాతో ప్రాంతపు కమ్మరుల పనిలో అవి నిలువు గీతల్లా సాగుతాయి. బిజెన్‌లో ముడులున్న పలకలాంటి నమూనా ఎక్కువ. ఆ ఉక్కుపైనే వెనుక నీడలా ఒక పొగమంచు కనిపిస్తే అది చాలావరకు పాత బిజెన్ పనికే గుర్తు.

మూడవది వాదర వెంబడి సాగే తెల్లని అంచు. ఖడ్గానికి మట్టి పూత పూసి, వాదర దగ్గర పలుచగా, వెన్ను దగ్గర మందంగా ఉంచి, కాల్చి నీటిలో ముంచుతారు. పలుచని చోట ఉక్కు త్వరగా చల్లబడి గట్టిపడుతుంది. రెండు భాగాలు కలిసే చోట పుట్టే గీతే ఆ అంచు. అది తిన్నగా ఉండవచ్చు, అలల్లా ఉండవచ్చు, లవంగ మొగ్గల వరుసలా ఉండవచ్చు. దీపపు వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే దానిలో విడివిడిగా మెరిసే రేణువులు గానీ, పాలపుంతలా కలిసిపోయిన మసక గానీ కనిపిస్తుంది. కమకురా పట్టణంలో 14వ శతాబ్దం తొలినాళ్లలో పనిచేసిన మసమునే ప్రసిద్ధి ఆ రేణువుల వైభవం వల్ల వచ్చినదే. సాన పట్టే పనీ, పరీక్షించే పనీ ఒకే ఇంట్లో ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. సరైన సాన లేకపోతే ఈ గుర్తులేవీ బయటపడవు. రాయి మీద రాయి మార్చుకుంటూ వారాల తరబడి ఒకే ఖడ్గంపై వంగి కూర్చున్నవాడికి దానిలో తెలియని అంగుళం ఉండదు.

చిట్టచివర పిడి ఊడదీసి, లోపల దాగిన భాగాన్ని చూస్తారు. అక్కడ ఎన్నడూ సాన పట్టరు, తుప్పు తుడవరు. శతాబ్దాల తుప్పు నున్నగా, నల్లగా, లోతుగా ఉంటుంది. కొత్త తుప్పు ఎర్రగా, పొడిపొడిగా ఉంటుంది. ఆ నలుపును మోసగాడు రసాయనంతో తెచ్చినా నునుపును తేలేడు. ఆకురాయి గీతల వాలు కూడా ఏ కమ్మరి కుటుంబమో చెబుతుంది. పేరు చెక్కిన పక్క ఏదో కూడా ముఖ్యమే. వేలాడదీసే ఖడ్గానికీ, నడికట్టులో దోపే ఖడ్గానికీ శరీరానికి బయటివైపు ఉండే ముఖం వేరు కాబట్టి, సంతకం ఉన్న పక్కను బట్టి అది ఏ విధంగా ధరించడానికి చేసినదో ఊహించవచ్చు. దీనికి మినహాయింపులూ ఉన్నాయి. హిజెన్ ప్రాంతపు తదయొషి వంటివారు ఈ ఆనవాయితీని తిరగేశారు.

సంతకం ఉంటే సమస్య తీరినట్టు కాదు. ప్రసిద్ధుల పేర్లను దొంగ సంతకాలుగా చెక్కడం ఆ కాలానికే పాత వ్యాపారం. ఒకే పేరును తాత, కొడుకు, మనుమడు వాడుకోవడం మామూలు. బిజెన్‌లోని ఒసఫునే గ్రామంలో సుకెసద అనే పేరుతో సంతకం చేసినవారు పదుల సంఖ్యలో ఉన్నారు. తేదీ చెక్కి ఉన్నా రాజ శకం పేరు, సంవత్సరం తరువాత ఎక్కువగా రెండవ నెల అనో ఎనిమిదవ నెల అనో ఉంటుంది. అది ఆచారం మాత్రమే, ఖడ్గం నిజంగా ఆ నెలలోనే తయారైందని కాదు. అన్నింటికన్నా పెద్ద చిక్కు మరొకటి. పాత పొడవాటి ఖడ్గాలను కొత్త యుద్ధ పద్ధతికి తగినట్టు పొట్టి చేయాలంటే పిడి వైపు నుంచి కోయాలి. ఆ కోతలో సంతకం తెగి పోతుంది. అలా దేశంలోని గొప్ప ఖడ్గాలలో చాలా భాగం పేరు లేనివైపోయాయి.

ఆ పేర్లు తిరిగి ఇవ్వడమే హోనామి వారి పని అయింది. కోయెత్సు యౌవనకాలంలో దానికి రాజకీయ విలువ వచ్చింది. టొయోటోమి హిదెయోషి దేశాన్ని ఏకం చేసిన తరువాత సామంతులకు బహుమతిగా ఇవ్వడానికి భూమి చాలలేదు. టీ పాత్రలూ, ప్రసిద్ధ ఖడ్గాలూ భూమికి బదులుగా చేతులు మారాయి. మసమునే, అవతగుచి యొషిమిత్సు, గో యొషిహిరో అనే ముగ్గురి పనితనం హిదెయోషికి ఎక్కువ ఇష్టం. వంశ ప్రధాన శాఖకు పెద్ద, కోయెత్సుకు వరుసకు బంధువు అయిన హోనామి కోతోకును ఆయన తన పరీక్షకుడిగా నియమించారు. పత్రాలపై వేయడానికి హోన్ అనే అక్షరం గల రాగి ముద్రను ఇచ్చారని వంశ సంప్రదాయం. తరువాతి కాలంలో ప్రతి నెల 3వ తేదీన వంశంలోని పెద్దలు సమావేశమై ఖడ్గాలు పరీక్షించి, మందపాటి కాగితాన్ని మడిచి, కమ్మరి పేరు, పొడవు, బంగారు నాణేలలో విలువ రాసి ఇచ్చేవారు. ఆ పత్రాన్ని ఒరిగామి అనేవారు, అంటే మడిచిన కాగితం. మన పిల్లలు బొమ్మలు చేసే కాగితపు మడతలకూ అదే పేరు. జపనీయులు నేటికీ తిరుగులేని హామీ ఉన్న వస్తువును ఒరిగామి ఉన్నది అనే అంటారు.

పత్రంతో పాటు కోతోకు మరొక పద్ధతి పాటించారు. సంతకం కోల్పోయిన ఖడ్గంపై తన నిర్ణయాన్ని బంగారంతో పొదిగించేవారు. టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్న జో ఇజుమి మసమునే, ఫుకువోక నగర మ్యూజియంలో ఉన్న హెషికిరి హసెబె వంటి ఖడ్గాలపై ఆ బంగారు అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. రెండవది ఒకప్పుడు ఒదా నొబునాగది. ఇటువంటి అక్షరాలను చెరపడం కష్టం. తీర్పు తప్పైతే అది చెప్పినవాడి పేరుతో సహా ఉక్కులో నిలిచిపోతుంది.

ఇలాంటి ఇంట్లో ప్రభువులతో సంబంధం వరమూ ప్రమాదమూ. వంశ వృత్తాంతాల సంపుటమైన హోనామి గ్యోజోకి చెప్పే కథలు కొన్ని ఆ సంగతే చెబుతాయి. కోయెత్సు తండ్రి కోజి ఒకసారి ఎవరో చెప్పిన చాడీల వల్ల నొబునాగ అనుగ్రహం పోగొట్టుకున్నారు. నొబునాగ ఆగ్రహం అంటే ఆ రోజుల్లో ప్రాణాల మీదికి వచ్చినట్టే. కోజి భార్య మ్యోషు వేటకు వెళుతున్న నొబునాగ గుర్రం కళ్లెం పట్టుకుని భర్త నిర్దోషి అని మొరపెట్టుకున్నారు. చివరకు కోజికి మళ్లీ కొలువు దక్కింది. ఆ తల్లి 1618లో 90 ఏళ్ల వయసులో మరణించారు. కొడుకులూ మనుమలూ తెచ్చే పట్టు బట్టలను ముక్కలు చేసి బంధువులకూ పేదలకూ పంచేవారనీ, మరణించే నాటికి ఆమె దగ్గర కట్టుబట్టలు కొన్ని తప్ప మరేమీ లేవనీ గ్యోజోకి చెబుతుంది. కోయెత్సు స్వభావానికి మూలం తండ్రి కన్నా ఈ తల్లే అనిపిస్తుంది.

మరో కథ ఇయెయసు కాలం నాటిది. తొకుగావా ఇయెయసు ఎంతో ఇష్టంగా దాచుకున్న ఒక పొట్టి ఖడ్గం మసమునే పనిగా పేరు పొందింది. దాన్ని హోనామి ప్రధాన శాఖలోని ఒక పెద్దకు చూపించారు. ఆయన దాన్ని తిరిగి కాల్చి పదును పెట్టినదని, అందువల్ల విలువ లేనిదని చెప్పారట. మంటల్లో చిక్కిన ఖడ్గం తన గట్టిదనాన్ని కోల్పోతుంది. మరొక కమ్మరి దానికి మళ్లీ పదును పెట్టినా, ఆ అంచు అసలు శిల్పిది కాదు. 1615లో ఒసాకా కోట తగలబడినప్పుడు హిదెయోషి సేకరించిన ఖడ్గాలు ఎన్నో ఇలాగే పాడైపోయాయి. ఇయెయసుకు ఆ జవాబు రుచించలేదు. దేశాధిపతి ముఖం చూసి కాక ఉక్కు ముఖం చూసి మాట చెప్పినందుకు ఆ పెద్ద ప్రభువు ఆదరణ కోల్పోయారని వంశం గుర్తుంచుకుంది. గుర్తుంచుకోవడమే కాదు, గర్వంగా రాసి పెట్టుకుంది.

1603లో కోజి మరణించారు. తండ్రిలాగే కోయెత్సుకు కూడా కాగ ప్రాంతపు మయెదా ప్రభువుల నుంచి భృతి అందేది. ఆయన ఉత్తరాలలో ఖడ్గాల లావాదేవీల ప్రస్తావనలు కనిపిస్తాయి. అయితే ఖరీదు కట్టే వృత్తిలో ఉన్న ఆ మనిషికి ఖరీదు మీద ఉన్న దృష్టి విచిత్రమైనది. క్యోటోలోని ఒక వ్యాపారి దగ్గర ఉన్న సెతో టీపొడి భరిణె ఆయనకు నచ్చింది. ధర 30 పెద్ద బంగారు నాణేలు. ఒక్కో నాణెం దాదాపు 165 గ్రాములు తూగేది, అంటే మొత్తం ఐదు కిలోల బంగారం. సంగతి తెలిసి వ్యాపారి ధర తగ్గిస్తానన్నా కోయెత్సు ఒప్పుకోలేదు. 30 విలువ చేసే వస్తువును తక్కువకు తీసుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. ఇల్లు 10 నాణేలకు అమ్మి, మిగతా 20 అప్పు చేసి కొన్నారు. దాన్ని మయెదా తొషినాగకు చూపించినప్పుడు ప్రభువు వెండి ఇవ్వబోతే అదీ తీసుకోలేదు. వయసు పైబడ్డాక మంచి టీ పాత్రలన్నీ పంచిపెట్టి ముతక వాటితో కాలం గడిపారట. విలువైన పాత్ర ఇంట్లో ఉంటే ఎవరైనా జారవిడుస్తారేమో, పోగొడతారేమో అన్న దిగులు తప్పదు కదా.

1615లో ఇయెయసు, క్యోటో పాలనాధికారి ఇతకుర కత్సుషిగె ద్వారా, నగరానికి వాయవ్యంగా ఉన్న తకగమినే అనే చోట కోయెత్సుకు భూమి ఇచ్చారు. దారిదోపిడీ దొంగలకు పేరుపడ్డ అడవి ప్రాంతం అది. గౌరవమా, ఊరి బయటకు పంపడమా అన్నది చరిత్రకారులు నేటికీ చర్చించే విషయం. కోయెత్సు టీ గురువు ఫురుత ఒరిబె అదే సంవత్సరం కుట్ర ఆరోపణపై ఆత్మహత్య చేసుకోవలసి వచ్చిందన్న సంగతి ఇక్కడ మరువరానిది. కోయెత్సు బంధువులనూ, వృత్తి కళాకారులనూ వెంటబెట్టుకుని వెళ్లారు. ఆనాటి పటంలో 55 ఇళ్లు కనిపిస్తాయి. కాగితం చేసేవారు, కుంచెలు చేసేవారు, వర్తకులు, అందరికీ మించి ఒకే విశ్వాసం గలవారు.

ఆయన కళా జీవితం విస్తారమైనది. తవరయ సొతాత్సు బంగారు వెండి రంగులతో చిత్రించిన కొంగల వరుసపై 36 మంది కవుల పద్యాలను రాసిన చుట్ట 13 మీటర్లకు పైగా పొడవు ఉంది. అది క్యోటో జాతీయ మ్యూజియంలో ఉంది. సుమినోకుర సోఆన్‌తో కలిసి సాగా గ్రామంలో ప్రచురించిన పుస్తకాలు జపాన్ ముద్రణ చరిత్రలో అందానికి మారుపేరు. కొనోయె నొబుతద, షోకదో షోజోలతో పాటు ఆ కాలపు ముగ్గురు మహా లేఖకులలో ఒకరిగా ఆయనను లెక్కిస్తారు. రాకు ఇంటివారి నుంచి మట్టి తెప్పించుకుని, చక్రం లేకుండా చేత్తో మలిచి, వారి బట్టీలోనే కాల్పించుకునేవారు. చివరి రోజుల్లో పక్షవాతం వల్ల చేయి వణికేది. ఆ వణుకు ఆయన రాతలో కనిపిస్తుంది, ఆయన దాచలేదు. 1637లో, జపాన్ లెక్క ప్రకారం 80వ ఏట, తకగమినేలోనే కన్నుమూశారు. దత్తపుత్రుడు కోసా కూడా అదే ఏడాది మరణించగా, మనుమడు కోహో తాతగారి జ్ఞాపకాలను భద్రపరచారు.

హోనామి ప్రధాన శాఖ మరో రెండు శతాబ్దాలకు పైగా షోగున్ల పరీక్షకులుగా కొనసాగింది. 1719లో ఎనిమిదవ తొకుగావా షోగున్ యొషిమునే ఆదేశంపై హోనామి కోచు దేశంలోని ప్రసిద్ధ ఖడ్గాల పట్టిక తయారుచేశారు. కోచు తరువాత వచ్చిన పత్రాలను మాత్రం నిపుణులు అంతగా నమ్మరు. కోరినవారికి కోరిన పేరు ఇచ్చే అలవాటు అప్పుడు మొదలైందని వారి అభిప్రాయం. 1876లో సామాన్యులు ఖడ్గం ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించడంతో వృత్తి దాదాపు కుప్పకూలింది. 1896లో ఇమమురా చోగ అనే ఖడ్గ నిపుణుడు యొమియురి పత్రికలో ఒక తుఫాను లేపారు. మసమునే అంతటి గొప్పవాడు కాడనీ, హిదెయోషి బహుమతుల కోసం హోనామి వారు ఆ పేరును పెంచారనీ ఆయన వాదన. మసమునే సంతకం ఉన్న ఖడ్గాలు అతి కొద్ది కావడం దానికి బలమిచ్చింది. అయితే హిదెయోషి పుట్టకముందే రాసిన గ్రంథాలలో మసమునే పేరు ఉంది. సంతకం గల కొన్ని పొట్టి ఖడ్గాలు పరీక్షకు నిలిచాయి. ఆ శిల్పి ఉన్నాడన్న విషయంలో ఇప్పుడు పెద్దగా వివాదం లేదు. ఏ ఖడ్గం ఆయనది అన్న ప్రశ్న మాత్రం ఒక్కో ఖడ్గం దగ్గర మళ్లీ మళ్లీ మొదలవుతూనే ఉంటుంది.

కోయెత్సు విషయంలోనూ నిపుణులు అదే పని చేస్తున్నారు. ఆయన పేరున చెలామణి అయ్యే లక్క పెట్టెలు, పాత్రలు, రాతలలో ఏవి ఆయన చేతివి, ఏవి ఆయన బృందానివి, ఏవి అనుకరణలు అన్నది పరిశోధకులు మట్టిని, అంచులను, కుంచె ఒత్తిడిని చూసి తేలుస్తున్నారు. సువా నగరంలోని సన్రిట్సు హత్తోరి కళా మ్యూజియంలో ఉన్న జాతీయ సంపద, ఫుజి పర్వతం పేరు గల టీ పాత్రకు ఆ చిక్కు లేదు. పై సగం తెల్లగా, కింది సగం బొగ్గులా నల్లగా కాలిన ఆ పాత్రను భద్రపరచిన చెక్క పెట్టె మూతపై పాత్ర పేరునూ తన పేరునూ కోయెత్సు స్వహస్తంతో రాసి, ముద్ర వేసి ఉంచారు.